సద్దు లేని పని

కంప్యూటర్ పక్క రేకు విప్పి లోపల చెయ్యి పెట్టగానే బొటనవేలికీ చూపుడువేలికీ మెత్తటి బూడిదరంగు దుమ్ము అంటుకుంది. ధర్మవరంలో దుమ్ముకు కరువు లేదు. వాన మొహం చాటేసిన ఊళ్ళో గాలి మాత్రం రోజూ తప్పకుండా వస్తుంది. వచ్చేటప్పుడు చేలల్లోని మట్టిని మోసుకొచ్చి, మగ్గాల దగ్గరి పట్టునూగును కలుపుకుని, ఏ సందు దొరికితే ఆ సందులో చేరి స్థిరపడుతుంది. నా డిజైన్ సెంటర్‌లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఆ పాత డబ్బాలో అది పరుపులా పేరుకుని ఉంది. దులుపుకుందామని రెండు వేళ్ళూ రుద్దాను. ఒకసారి రుద్దితే పోయేదే. కానీ నేను ఆపలేదు. కిటికీలోంచి పడుతున్న మధ్యాహ్నపు ఎండలో కళ్ళు సగం మూసుకుని, ఏదో పోగును మెలి తిప్పుతున్నట్టు రుద్దుతూనే ఉండిపోయాను. పక్కన బల్ల మీద కొత్తగా తెచ్చిన డిస్కు, ఎస్సెస్డీ, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నేను మాత్రం పాతికేళ్ళ వెనక్కి వెళ్ళి, మా ఇంటి మగ్గం దగ్గర, ఓబులక్కకు ఎదురుగా కూర్చుని ఉన్నాను.

ఓబులక్క వార్పులు అతికే మనిషి. నేత ఇళ్ళలో పుట్టనివాళ్ళకు ఈ పని సంగతి కాస్త చెప్పాలి. చీర పొడవునా నిలువుగా సాగే వేల పోగుల్ని మేం వార్పు అంటాం. ఒక్కో పోగూ మగ్గంలో ఒక దారపు కంటిలోంచి దూరి, దువ్వెన పళ్ళలాంటి అచ్చులోంచి బయటికొస్తుంది. వార్పు అయిపోయినప్పుడు నేతగాడు దాన్ని మొత్తం లాగేయడు. జానెడు పోగుల్ని మగ్గంలోనే వదిలి చీర కోసుకుంటాడు. ఆ జానెడు పోగుల కొసలకు కొత్త వార్పు పోగుల్ని ఒక్కొక్కటే అతికి మెల్లగా లాగితే, పాతవి ముందు నడుస్తాయి, కొత్తవి వాటి వెంట ఆ కళ్ళలోంచి, ఆ పళ్ళలోంచి వాటంతటవే వచ్చేస్తాయి. అతకడమంటే ముడి వేస్తారనుకోకండి. ముడి కంటిలో ఇరుక్కుంటుంది. పాత కొస, కొత్త కొస కలిపి పట్టుకుని, బూడిద అద్దిన రెండు వేళ్ళ మధ్య ఒక మెలిక తిప్పి, వెనక్కి మడిచి ఇంకో మెలిక తిప్పుతారు. అంతే. ఓబులక్క పక్కన ఎప్పుడూ ఒక కొబ్బరిచిప్ప, దాన్నిండా జల్లించిన బూడిద ఉండేవి. సన్నటి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు, కూర్చుంటే లేవదు. వీధిలో అందరికీ ఓబులక్క. మా అమ్మ కంటే పెద్దది కాబట్టి నాకు పెద్దమ్మ.

నాకు ఓపిక తక్కువ. ఇప్పటికీ తక్కువే, అప్పట్లో అసలు లేదు. అనంతపురంలో కంప్యూటర్ డిప్లొమా చదువుతూ దసరా సెలవులకు ఇంటికొచ్చాను. ఆయుధపూజకు మగ్గం తుడిచి పసుపు కుంకుమలు పెట్టాలి. నాయన కొత్త వార్పు తేవడానికి పొద్దున్నే హిందూపురం బస్సెక్కాడు. మగ్గంలో పాత వార్పు తాలూకు జానెడు పోగులు దుమ్ము పట్టి, జీవం లేకుండా వేలాడుతున్నాయి. నేత ఇంట్లో పుట్టానన్న మాటే గానీ, చదువు పాడవుతుందని నన్నెప్పుడూ మగ్గం దగ్గరికి రానివ్వలేదు. చదువుకున్నదాన్ని గదా, శుభ్రం తెలిసినదాన్ని. ఆ పోగుల్ని గుప్పెట్లుగా పట్టి లాగేసి, చేటలో పోసి, అచ్చును పాత పళ్ళ బ్రష్షుతో తళతళలాడేలా తోమాను. బొట్లు పెట్టాను, బంతిపూల దండ వేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం నాయన వచ్చాడు. చంకలో వార్పు చుట్ట చంకలోనే ఉంది. మగ్గం వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"ఎవురు చేసినారు ఈ పని?"

"నేనే నాయనా. బాగుండాదా?"

అరుస్తాడనుకుంటే అరవలేదు. గోడకు వీపు ఆనించి కిందికి జారి కూర్చున్నాడు. అది చూస్తే ఇంకా భయం వేసింది. ఆ కొత్త వార్పుతో నేయాల్సింది పండగైన పది రోజులకు ఇవ్వాల్సిన పెళ్ళిచీర. ఇప్పుడు వేల పోగుల్ని మళ్ళీ మొదటి నుంచి ఒక్కొక్క కంటిలోకీ ఎక్కించాలి. మా తాత ఆ మగ్గం పెట్టిన రోజు నుంచి వార్పు వెంట వార్పు అతుకుతూ వచ్చిన వరస అది. ఎన్ని చీరలు కోసినా ఆ వరస మాత్రం ఎన్నడూ తెగలేదట. నేను తెంపాను, పైగా పూలదండ వేసి మరీ తెంపాను.

కబురు తెలిసి ఓబులక్క వచ్చింది. చేటలోని పోగుల్ని చేత్తో పైకెత్తి, మళ్ళీ చేటలోకే జారవిడిచింది.

"అయ్యో అమ్మయ్యా, దోవంతా పెరికేసినావే! పాత పోగు ఉంటేనే గదా కొత్త పోగుకు దోవ తెలిసేది" అంది. తర్వాత నాయన వైపు తిరిగింది. "పిల్లను ఏమీ అనొద్దు తమ్ముడూ. తెలీక చేసింది. నాలుగు దినాల పని. ఆ నాలుగు దినాలూ నాకు ఎదురుగ్గా ఈ యమ్మే కూచోవల్ల. ఇంగెవురూ వద్దు."

ఆ నాలుగు రోజులు నాకు ఇప్పటికీ ఒక కలలాగే గుర్తుంటాయి. మగ్గానికి అవతల నేను, ఇవతల ఆమె. నేను పోగు అందిస్తే ఆమె సన్నటి కొక్కెంతో అందుకుని కంటిలోంచి లాగేది. బయట వీధిలో పండగ. ఇంట్లో పైకప్పు గవాక్షంలోంచి ఎండ ఒక పలకలా దిగి, నేల మీద పాకుతూ పాకుతూ గోడెక్కి మాయమయ్యేది. మధ్యలో ఆమె వక్క కొరికిన చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. రెండో రోజు ఒక పోగు తప్పిపోయింది. దాని కోసం కట్టలో వేళ్ళు పెట్టి వెతకడం మొదలుపెట్టాను. పక్క పోగుల్ని అటు లాగి, ఇటు లాగి, చాలాసేపు కుస్తీ పట్టాను.

"ఏం చేస్తాండావు పాపా?"

"ఒక పోగు యాడ పోయిందో కనపడలేదు పెద్దమ్మా. ఎతుకుతాండా."

"ఇడ్సిపెట్టు."

"ఇడ్సిపెడితే చీరలో గీత పడదా?"

"పడతాది. దాని జాగా అట్లే ఖాళీగా పెట్టి ముందుకు పో. దొరకనిదాని కోసం పీకులాడితే పక్కన దొరికేటివి గూడా తెగుతాయి. ఆఖర్న మళ్ళా ఎనక్కి వస్తాము గదా, అప్పుడు చూస్తాము. అప్పటికి అన్నీ సర్దుకోని, మిగిలినేది అదొకటే కనపడతాది."

అప్పటికే పక్క పోగులు మూడు తెంపి ఉన్నాను, వాటిని ఆమె అక్కడికక్కడే అతికింది. నాలుగో రోజు చివర్లో చూస్తే, దొరక్క వదిలేసినవి నాలుగు ఖాళీలు మిగిలాయి. మూడింటి పోగులు ఎక్కడికీ పోలేదు, అక్కడే వేలాడుతున్నాయి. నాలుగోది నిజంగానే లేదు. దానికి ఆమె వేరే పోగు తెచ్చి ఎక్కించింది. ఆ తర్వాత మిగిలిన తునకలతో నా రెండు వేళ్ళకూ బూడిద అద్ది, అతుకు వేయడం నేర్పింది. వందసార్లు వేయించింది. అతుకు పడ్డాక ముంజేతి వెనకవైపుతో పోగుల మీద మెత్తగా నిమిరి చూసేది. బలహీనంగా ఉన్నది ఆ నిమురుకే ఊడిపోయేది. "మగ్గం మీద ఊడేదాని కంటే నా చేతి కింద ఊడేది మేలు" అనేది. చీర సమయానికి వెళ్ళింది. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత నేను మగ్గం జోలికి పోలేదు. సిగ్గు. అంతకంటే భయం. వేళ్ళకు పని వచ్చినా మనసు ఒప్పుకోలేదు.

డిప్లొమా అయ్యాక ఊళ్ళోనే ఒక డిజైన్ సెంటర్‌లో చేరాను. అప్పటిదాకా గళ్ళ కాగితం మీద గడికో రంగు వేసి గీసే అంచులూ కొంగులూ కంప్యూటర్‌లోకి ఎక్కుతున్న కాలం. తెర మీద హంసను గీసి, దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టించి ఇస్తే, ఆ అట్టల దండ మగ్గం మీది జాకార్డు పెట్టెలో తిరుగుతూ ఏ పోగు లేవాలో ఏది పడాలో చెబుతుంది. మా యజమాని పెద్దవాడై మానుకున్నాక ఆ సెంటర్ నేనే నడుపుతున్నాను. ఓబులక్క ఒక ఇంట్లో వార్పు ముగించి ఇంకో ఇంటికి వెళ్తూ మధ్యలో మా సెంటర్ ఫ్యాన్ కింద నడుం వాల్చేది. తెర వైపు చూసేది కాదు. చెవి మాత్రం డబ్బా వైపు పెట్టేది. లోపల హార్డ్ డిస్క్ కరకరమంటూ తిరుగుతుంటే ఆమెకు ఎందుకో ముచ్చట.

"నీ డబ్బా గూడా మగ్గమాడతాండాది మే!"

"లోపల ఒక బిళ్ళ తిరుగుతాది పెద్దమ్మా. దాని మీద సూది మాదిరి ఒకటి అటూ ఇటూ పోయి రాసినేదంతా చదువుతాది."

"అదే గదా నేను చెప్పేది. నాడె ఆడతాండాది అని."

నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తేది. ఆమె పోలిక తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఒక మధ్యాహ్నం అట్లాగే కళ్ళు మూసుకుని పడుకున్నది కాస్తా లేచి కూర్చుంది.

"లోపల పోగు తెగింది చూడు."

నేను పగలబడి నవ్వాను. "దాంట్లో పోగులు యాడుంటాయి పెద్దమ్మా?"

"లేకుంటే లేకపోనీలే. సద్దు మారింది. నాడె తట్టుకున్నట్ల అంటాండాది, ఒకతూరి ఆగి మళ్ళా పోతాండాది."

వారం తిరగలేదు, ఒక డిజైన్ తెరవబోతే యంత్రం బిగుసుకుపోయింది. అదే డిజైన్‌ను మళ్ళీ తెరిచాను. ఆపి, మొదలుపెట్టి, మళ్ళీ అదే. ఎందుకు రాదో చూస్తానని రోజంతా పంతం పట్టాను. సూది అదే గాయం మీద మళ్ళీ మళ్ళీ గీరుకుంటోందని నాకప్పుడు తెలియదు. సాయంత్రానికి డిస్కులో టిక్కు టిక్కుమనే చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. రెండేళ్ళ డిజైన్లు పోయాయి. గళ్ళ కాగితాలూ పాత అట్టలూ ముందేసుకుని, ఒక్కొక్క గడీ మళ్ళీ నింపుకుంటూ నెలల తరబడి ఏడుస్తూ గీశాను. నిజంగానే ఏడ్చాను, అలంకారానికి అనడం లేదు. ఓబులక్క పక్కన కూర్చుని వక్క కొరుకుతూ చూసేది. నేను ముందే చెప్పలేదా అని మాత్రం ఎన్నడూ అనలేదు. ఒకసారి మాత్రం ఇట్లా అంది.

"నీకు ఓపిక లేదంటారు గానీ అబద్ధం. కావల్సినేదాని కంటే జాస్తి ఉండాది. అంతా ఒకే జాగాలో పోస్తావు. కొంచెం ముందుకు గూడా పంచు తల్లీ."

నా గురించి ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు అంతకు ముందు లేరు, ఆ తర్వాతా లేరు. పిల్లల పెంపకంలోనూ, తోబుట్టువులతో మాటపట్టింపుల్లోనూ నేను చేసిన తప్పులన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. తగవు వచ్చిన చోటే నిలబడి పీకులాడి, పక్కనున్న మంచి రోజుల్ని కూడా తెంపుకున్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

తర్వాత్తర్వాత ఆమె కళ్ళు మసకబారాయి. కొడుకు చౌడప్ప కొత్తచెరువులో మగ్గం పెట్టుకుంటే అతని దగ్గరికి వెళ్ళిపోయింది. చౌడప్ప నాకంటే నాలుగేళ్ళు చిన్న, అక్కా అంటాడు. నేను వీలైనప్పుడల్లా బస్సెక్కి వెళ్ళేదాన్ని. దారి పొడవునా ఎండిన శెనక్కాయ చేలు, గుట్టల మీద తీరిగ్గా తిరిగే గాలిమరలు, రేకుల షెడ్డు నీడలో నెమరు వేసే గొర్రెలు. ఆ దారిలో ఎప్పుడు వెళ్ళినా సగం నిద్రలో ఉన్నట్టుంటుంది నాకు. వెళ్ళేసరికి ఆమె కొడుకు మగ్గం ముందు కూర్చుని, కళ్ళు ఎటో పెట్టి, వేళ్ళతోనే వార్పు అతుకుతూ ఉండేది. చూపుతో పని లేకుండా ఎట్లా అతుకుతావని అడిగితే, చూపు ఉన్నప్పుడు కూడా వేళ్ళతోనే అతికినా గదా అనేది. ఒకసారి మాటల్లో కొత్తరకం డిస్కు గురించి చెప్పాను. కంప్యూటర్ మెల్లగా నడుస్తోందని, పాతది తీసి ఎస్సెస్డీ వేస్తే కొత్తదానిలా పరుగెడుతుందని.

"దాంట్లో తిరిగేటిది ఏమీ లేదు పెద్దమ్మా. బిళ్ళ లేదు, సూది లేదు. సద్దే రాదు."

ఆమె వేళ్ళు ఆగాయి. 

"సద్దు లేకుంటే అది పని చేస్తాండాదో, సచ్చిందో ఎట్ల తెలుస్తాది?"

 నవ్వి ఊరుకున్నాను. ఆ ప్రశ్న వల్లో, నా బద్ధకం వల్లో, డిస్కు మార్చే పని వాయిదా పడుతూ వచ్చింది. పొద్దున్నే కంప్యూటర్ మీట నొక్కి, బయటికి వెళ్ళి టీ తాగి, పక్క కొట్టువాళ్ళతో ఊరి సంగతులన్నీ మాట్లాడి వచ్చినా అది ఇంకా కళ్ళు నులుముకుంటూనే ఉండేది. అయినా దాని కరకర నాకు అలవాటైపోయింది. పోయిన ఎండాకాలం ఓబులక్క పోయింది. కొడుకు మగ్గం మీద వార్పు అతికి, చేతులు కడుక్కుని, మజ్జిగ తాగి పడుకుందట. అంతే. నేను వెళ్ళేసరికి గూట్లో కొబ్బరిచిప్ప ఉంది, అందులో బూడిద ఉంది.

నెల కిందట డబ్బా సద్దు మారింది. ఒకసారి ఆగి మళ్ళీ పోతోంది. ఈసారి నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సరిగ్గా ఆ రోజే చౌడప్ప వచ్చాడు. గోనెసంచిలోంచి అట్టల దండ తీసి నేల మీద పరిచాడు. ఎలుకలు అట్టల్ని ముక్కలు ముక్కలుగా కొరికేశాయి.

"కొంగు సగం నేసినాను అక్కా. ఒక హంసల వరస అయిపోయింది, రెండోది నడుమకొచ్చింది. ముహూర్తం దగ్గర పడింది. మళ్ళా అట్టలు కొట్టిస్తావా?"

"కొట్టిస్తాలేప్పా" అన్నాను గానీ కళ్ళు డబ్బా వైపే పోయాయి. పాత డిజైన్లకు నా దగ్గర వేరేచోట నకళ్ళున్నాయి. ఒకసారి కాలినదాన్ని గదా. కానీ ఈ కొంగు రెండు నెలల కిందట గీసింది. నకలు తీయడానికి బద్ధకించాను. పైగా ఆ డిజైన్లను తెరిచే ప్రోగ్రామ్ చేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. దాన్ని కొత్తగా ఎక్కించే దారి లేదు. ఉన్నది ఉన్నట్టుగా, చుక్క పోకుండా, ఆ పాత డిస్కులోంచి కొత్తదానిలోకి రావాలి. రాకపోతే చౌడప్ప సగం చీర పట్టు, అతను పడ్డ కష్టం అన్నీ మట్టిలో కలిసినట్టే. ఓబులక్క కొడుకు ముందు నేను రెండోసారి దోవ పెరికిన మనిషినవుతాను.

అనంతపురం వెళ్ళి ఎస్సెస్డీ తెచ్చాను. పేకముక్కల కట్ట కంటే పలచగా, అరచేతిలో పట్టేంత ఉంది. పాత డిస్కునూ కొత్తదాన్నీ పక్కపక్కన తగిలించి, పెన్ డ్రైవ్‌లో ఉన్న చిన్న ప్రోగ్రామ్‌తో నకలు మొదలుపెట్టాను. కొత్తదాన్ని తగిలించకుండా పాతదాని మీద చెయ్యి వేయకూడదని ఆ దసరా నాడే నేర్చుకున్నాను. తెర మీద ఒక ఆకుపచ్చ గీత మెల్లగా పెరుగుతోంది. ముప్పావు దాటాక గీత ఆగిపోయింది. డిస్కు టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. ప్రోగ్రామ్ అదే చోట చదవడానికి ప్రయత్నిస్తోంది. నాలోని పాత పంతం లేచి కూర్చుంది. ఇంకొక్కసారి చూద్దాం, ఇంకొక్కసారి. చెమట పట్టిన వేళ్ళ మధ్య ఇందాక అంటుకున్న ఆ దుమ్ము తగిలింది. ఇడ్సిపెట్టు, అని స్పష్టంగా వినిపించింది.

నకలు ఆపి, చదవలేని చోటు వస్తే వదిలేసి ముందుకు పొమ్మని, చివర్లో మళ్ళీ వెనక్కి వచ్చి చూడమని ప్రోగ్రామ్‌కు చెప్పాను. అట్లాంటి వీలు అందులో ఉంటుంది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఏ దేశంవాళ్ళో గానీ, వాళ్ళకూ ఒక ఓబులక్క ఉండే ఉంటుంది. గీత కదిలింది. ఆగిన చోటల్లా దాటుకుంటూ పోయింది. చివరికి వెళ్ళి, వెనక్కి తిరిగి, వదిలేసిన చోట్లను ఒక్కొక్కటే తట్టింది. చాలావరకు ఈసారి పలికాయి. ఒక్కచోట మాత్రం పలకలేదు. కాసేపటికి పాత డిస్కు చిన్నగా మూలిగి ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

కొత్తదాన్ని బిగించి మీట నొక్కాను. టీ సంగతి దేవుడెరుగు, చెయ్యి వెనక్కి తీసుకునేలోపల తెర వెలిగి ఎదురుగా నిలబడింది. ప్రోగ్రామ్ తెరుచుకుంది. కొంగు డిజైన్ తెరుచుకుంది. హంసల వరసలో మెడల దగ్గర మాత్రం ఒక తెల్లటి పట్టీ, ఇరవై రెండు గీతలు, ఖాళీ. గదిలో చీమ చిటుక్కుమన్న సద్దు లేదు. నాకు ఒక్కసారిగా దిగులేసింది. అన్నేళ్ళ కరకర పోయింది, దాంతోపాటు ఆమె పక్కన కూర్చుని వింటోందన్న భ్రమ కూడా పోయింది. డబ్బా మీద తల ఆనించాను.

మర్నాడు గళ్ళ కాగితాలు, భూతద్దం తీసుకుని కొత్తచెరువు వెళ్ళాను. హంసల వరసలన్నిటికీ అవే అట్టలు కాబట్టి, పోయిన ఇరవై రెండు గీతలూ చౌడప్ప నేసిన మొదటి వరసలో ఉన్నాయి గదా. మా మగ్గాల మీద చీర బోర్లా పడుతుంది, అసలు ముఖం కిందికి ఉంటుంది. దాన్ని చూసుకోవడానికి కింద పెట్టే చేతి అద్దం పెద్దమ్మదే, ఇంకా ఆ మేకుకే వేలాడుతోంది. చౌడప్ప చుట్టిన బట్టను కొంచెం విప్పి పట్టుకున్నాడు. నేను నేల మీద పడుకుని, అద్దంలో హంస మెడలు చూస్తూ, ఏ పోగు పైన ఉందో ఏది కింద ఉందో గడి గడికీ చుక్క పెట్టాను. ఇరవై రెండు గీతలు పూర్తయ్యేసరికి గవాక్షం ఎండ గోడెక్కింది. ఆ వెలుగులో పట్టు మీద తేలుతున్న నూగు చూస్తుంటే, లేచి కూర్చోవాలనిపించలేదు.

"అయిపోయిందాక్కా?"

"అయిపోయింది. ఎల్లుండి అట్టలు పంపిస్తా. చీరకు ఏం కాదులే."

చౌడప్ప బట్టను మళ్ళీ చుట్టాడు. వార్పు చుట్టి ఉన్న కట్టె వైపు చూశాడు. దాని మీద పోగులు అడుగంటుతున్నాయి.

"ఈ చీరతో అమ్మ అతికిన వార్పు అయిపోతాది. ఇంగ మగ్గం పీకేద్దామనుకుంటాండా అక్కా. అతికేవాళ్ళు యాడ దొరుకుతారు? దొరికినా ఈడికి ఎవురొస్తారు?"

నేను అద్దాన్ని మేకుకు తగిలించాను. పాతికేళ్ళుగా తప్పించుకు తిరిగిన మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"చీర కోసేటప్పుడు జానెడు పోగులు ఇడ్సిపెట్టు చౌడప్పా. పెరకొద్దు. నేనొస్తా."

"నువ్వా?"

"బూడిద జల్లించి పెట్టు. సన్నగా. పెద్దమ్మ చిప్పలోనే."

చీర ముహూర్తానికి వెళ్ళింది. నేను సెంటర్‌కు తాళం వేసి కొత్తచెరువు వెళ్ళాను. పెద్దమ్మ ఒక రోజులో చేసే పని నాకు మూడు రోజులు పట్టింది. మొదటి రోజు వేసిన అతుకుల్లో సగం నిమిరితే ఊడాయి. రెండో రోజుకు వేళ్ళకు గుర్తొచ్చింది. ఒక కొస, ఇంకో కొస, బూడిద, మెలిక, మడిచి ఇంకో మెలిక. దొరకని పోగుల జాగా వదిలేసి ముందుకు పోయాను. మూడో రోజు మధ్యాహ్నం, వీధి అంతా నిద్రపోతున్న వేళ, ఉన్నట్టుండి గమనించాను. గంటల తరబడి ఈ ఇంట్లో ఏ చప్పుడూ లేదు. మగ్గం సద్దు చేస్తుంది, నాడె సద్దు చేస్తుంది, అట్టలు సద్దు చేస్తాయి. అతికే పనికి మాత్రం సద్దు ఉండదు. ఆమె జీవితమంతా చేసింది ఈ సద్దు లేని పనే. అది జరుగుతోందో లేదో తెలియాలంటే చెయ్యి పెట్టి చూడాలి, లేదా రేపు చీర రావాలి. సద్దు లేకుంటే ఎట్లా తెలుస్తుందని ఆమె అడిగిన రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెబుదామంటే ఆమె లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగి పోగులు కనిపించలేదు. కనిపించకపోయినా వేళ్ళు ఆగలేదు.

ఆఖరి పోగు అతికాక ముంజేతి వెనకవైపుతో వార్పు మీద ఆ చివర నుంచి ఈ చివరి దాకా నిమిరాను. ఒక్కటీ ఊడలేదు. చౌడప్ప అవతలి వైపు కూర్చుని మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ అతికిన వార్పు పోగులు ముందు కదిలాయి. వాటి వెనక నావి కళ్ళలో దూరాయి, అచ్చు పళ్ళలో దూరాయి. అతను ఒక్క క్షణం ఆగి, చెవి అటు పెట్టాడు.

"సద్దే రాలేదే. తెగిందాక్కా?"

"తెగలేదప్పా. వస్తాండాది, లాగు."